పుచ్చకాయ, పుదీనా

ఆగస్టు 11, ఆదివారం

మళ్లీ కారింది.

చర్చి నుంచి వచ్చి బీరువా తీస్తే ఆండ్రూ ఇ-సిగరెట్ చుట్టిపెట్టిన చేతిరుమాలు జిగటగా తగిలింది. పెళ్లయిన కొత్తలో నేను కుట్టిచ్చిన రుమాలు అది. మూలన నీలం దారంతో అతని పేరులో మొదటి అక్షరం ఉంటుంది. ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా ఆ అక్షరం మీదే కారింది.

షార్జా నుంచి వచ్చేటప్పుడు ఈ కార్ట్రిడ్జులు ఒక డబ్బా నిండా తెచ్చుకున్నాడు. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టం. దాని పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తే సగం దాకా రసం కనిపిస్తుంది. బ్యాటరీకి తగిలించి పీలిస్తే పుచ్చకాయ, పుదీనా కలిసిన వాసన వస్తుంది. పడవ ఇంజన్లు విప్పే మనిషి, ఒళ్లంతా డీజిల్, నోరు తెరిస్తే మాత్రం వేసవి షర్బత్ కొట్టు. ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

మే నెలలో జువ్వలదిన్నె హార్బర్లో ఒక పడవ ఇంజన్ దగ్గర్నుంచి లేచి, ఎండగా ఉంది అని నీడలో కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. జేబులో ఉన్నవి ఒక కవర్లో వేసి నా చేతికిచ్చారు. ఫోను, స్పానరు, ఇది.

బట్టలన్నీ, పూడ్చిపెట్టాక జరిపే ఆదరణ కూడిక అయిన మర్నాడే అత్తయ్య పంచిపెట్టేసింది. ఎవరో లేనివాళ్లు కట్టుకుంటారని. మంచి పనే. నన్నొక మాట అడిగి ఉంటే ఇంకా మంచి పని. దండెం మీద ఆరేసిన ఖాకీ చొక్కా ఒకటి ఆమె కంటపడలేదు కాబట్టి నాకు మిగిలింది. ఉతికిన చొక్కా. అందులో ఆండ్రూ ఎక్కడున్నాడు?

అందుకని ఆదివారం ఒక్కసారి పీలుస్తాను. నిజానికి పీల్చడం కూడా కాదు. నోట్లోకి తీసుకుని చొక్కా మీదికి వదిలి, ఆ చొక్కా మొహానికి పెట్టుకుంటాను. దీన్ని పొగ తాగడం అనరు.

ఆదివారానికి ఒక్కసారే అయితే ఈ సగం క్రిస్మస్ దాటేదాకా వస్తుంది. కారకపోతే.

ఆగస్టు 13, మంగళవారం

ఫ్రెడ్డీకి ఫోన్ చేశాను. షార్జాలో ఆండ్రూతో ఒకే గదిలో ఉన్నవాడు. సిగరెట్లు మాన్పించడానికి ఇది అలవాటు చేసింది కూడా వాడే.

"ఏంది వదినా, నువ్వు తాగతా ఉండావా?" అన్నాడు.

"నా మొహం. కారతా ఉండాది. బీరువా పాడైపోతా ఉంటే అడిగినా."

నమ్మాడో లేదో కానీ అన్నీ ఓపిగ్గా చెప్పాడు. "పడుకోబెట్టొద్దు, నిలబెట్టి ఉంచు. కార్ట్రిడ్జ్ ఊడదీసి అడుగున చూడు, రెండు ఇత్తడి చుక్కలుంటాయి. ఆడ తడి చేరుద్ది. టిష్యూతో ఒత్తి తుడువు. పీల్చేటప్పుడు మెల్లిగా పీల్చాల. కూల్‌డ్రింక్ లాగినట్టు లాగితే లోపల దూది మునిగిపోద్ది వదినా, గుడగుడమంటాది. ఇంక కింద నుంచి కారక ఏం చేస్తాది?"

"నేను మెల్లిగానే..." అని నాలుక కరుచుకున్నాను.

తర్వాత వాడే అన్నాడు. "ఇంకోటి పంపేదానికి లేదు వదినా. మన దేశంలో నిషేధం గదా. ఎవురి చేతికన్నా ఇచ్చి పంపితే ఎయిర్‌పోర్టులో వాళ్లు ఇరుక్కుంటారు."

నేను అడగలేదు. అడగకముందే చెప్పాడంటే వాడికి అర్థమైపోయిందన్నమాట.

గాజు గ్లాసులో అడుగున రుమాలు మడిచి పెట్టి, అందులో నిలబెట్టాను. బీరువా తాళంచెవి ఎప్పటిలాగే క్యాలెండర్ వెనక మేకుకి తగిలించాను.

ఆగస్టు 18, ఆదివారం

కారలేదు. ఒక్కసారి. చొక్కా.

ఆగస్టు 21, బుధవారం

ఇవాళ బుధవారమని నాకు తెలుసు. కానీ బాగైందో లేదో పరీక్ష చెయ్యకుండా ఎలా తెలుస్తుంది? అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూడమా? ఇదీ అంతే.

బాగైంది.

కొట్టు దగ్గర మాల్యాద్రి గారు ఇవాళ కూడా దెప్పారు. గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. స్టేషన్ రోడ్డులో నేను కర్రీ పాయింట్ తెరిచినప్పటి నుంచీ స్టీలు గిన్నె తెచ్చుకుని కూర పట్టుకెళ్తారు. "అమ్మాయ్ అబిగయీలూ, నిన్న చేపల పులుసులో ఉప్పు మరిచిపోయినావా? మొన్న పప్పులో రెండు మాట్లు ఏసినావు. ఏందమ్మా ఇది?" అన్నారు.

ఏం చెప్పను? పొద్దున జువ్వలదిన్నెకి బండి తీసే ముందు ఆండ్రూ ప్రతి గిన్నెలోంచీ గరిటెతో చేతిలో వేసుకుని నాకి చూసేవాడు. "రవ్వంత" అంటే ఉప్పు వెయ్యాలి. మొహం చిట్లించి "రవ్వంత" అంటే నీళ్లు పొయ్యాలి. ఇంట్లో అతని నాలుక ఉంది కదా అని నా నాలుకకి నేను సెలవిచ్చేశాను. ఇప్పుడు దానికి ఉప్పు తెలియదు, చప్పన తెలియదు. పుచ్చకాయ, పుదీనా మాత్రం తెలుస్తోంది.

ఆగస్టు 25, ఆదివారం

పోయిన వారం కిటికీ మీద స్కెచ్ పెన్నుతో చిన్న గీత పెట్టాను. రసం గీత కిందికి దిగింది. కొంచెం కాదు, కంటికి కనపడేంత.

ఒక్కసారికి ఇంత దిగదు. సరే, బుధవారం కూడా లెక్కేసుకుందాం. శుక్రవారం కూడా. అయినా ఇంత దిగదు.

గ్లాసులో రుమాలు తడిగా ఉంది.

సెప్టెంబరు 3, మంగళవారం

కావలి వెళ్లాను. సెల్‌ఫోన్లు రిపేరు చేసే వినోద్ ఆండ్రూకి బాగా తెలిసినవాడు. బల్ల మీద పెట్టీ పెట్టగానే దాని మీద గుడ్డ కప్పేశాడు.

"అక్కా, ఇట్టాంటివి బయట చూపించొద్దు. నా కాడ ఉండాదని ఎవురన్నా చూస్తే అమ్మతా ఉండానని కేసు పెడతారు."

"అమ్మమని ఎవురన్నారు? ఎందుకు కారతా ఉండాదో చూడమంటా ఉండా."

లోపలికి తీసుకెళ్లి దీపం కింద తిప్పి చూశాడు. రబ్బరు బాగానే ఉందన్నాడు. ఎక్కడా పగల్లేదన్నాడు. బ్యాటరీ కూడా మంచిదేనన్నాడు. "గట్టిగా లాగతా ఉండావు అక్కా. మూతి కాడ చూడు, రసం పైకొచ్చి ఎండిపోయుండాది" అన్నాడు.

ఒళ్లు మండింది. నేను ఎంత మెల్లిగా లాగుతానో నాకు తెలుసు. నిద్రపోతున్న పసిపిల్ల నోట్లోంచి పాలసీసా తీసేంత మెల్లిగా లాగుతాను. ఫ్రెడ్డీ కూడా ఇదే మాట, వీడూ ఇదే మాట. రిపేరు చేతకానివాళ్లంతా వాడేవాళ్ల మీద పెడతారు.

ఇది ఎండ వల్లే. సెప్టెంబరైనా బీరువా ఇనుము పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. వేడికి రసం పల్చబడి కారుతోంది. అంతే.

సెప్టెంబరు 8, ఆదివారం

ఇవాళ చర్చిలో అత్తయ్య ప్రార్థన నడిపించింది. స్త్రీల సమాజానికి ఆమె పెద్ద. యవ్వనస్తుల్ని దురలవాట్ల నుంచి తప్పించమని, తల్లుల కన్నీళ్లు చూడమని గొంతెత్తి అడుగుతుంటే నేను లేచి బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడ్డాను.

షార్జా నుంచి వచ్చిన మొదటి ఆదివారం ఆండ్రూ అదే చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాడు, సిగరెట్ మానేశానని. అబద్ధం కాదు. నిజంగానే మానేశాడు. మా అత్తయ్య ఆనందకుమారి గారి ప్రార్థన ఫలించిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకే పెరట్లో మోటారు చాటున అతను ఇది పీలుస్తుంటే చూసింది.

"దేవుని సన్నిధిలో నిలబడి బొంకినావు" అంది.

"సిగరెట్ కాదమ్మా ఇది. ఆవిరి. వాసన చూడు, పుచ్చకాయ" అని నవ్వాడు. అదే తప్పయింది. నవ్వకుండా ఉండాల్సింది.

మామయ్య పోయాక భోజనం ముందు ప్రార్థన ఆండ్రూ చేసేవాడు. ఆ పూట అతను కళ్లు మూసుకోగానే ఆమె కంచం తీసుకుని లేచింది. "ఆ నోటితో ప్రార్థన చేసిన అన్నం నాకొద్దు" అని తన గదిలోకి పోయి మంచం మీద కూర్చుని తినింది. ఆ రోజు నుంచి అతను పోయేదాకా తల్లీకొడుకులు ఒక బల్ల దగ్గర కూర్చోలేదు. రోజూ ఆమె కంచంలో అతనే వడ్డించి, గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాడు. నేనొద్దని అరిచేదాన్ని. "అమ్మే కదా, కరుగుతాదిలే" అనేవాడు.

నేను ఆమెను క్షమించలేదు. పరలోక ప్రార్థనలో క్షమించే చోటు వచ్చినప్పుడు పెదాలు కదుపుతాను కానీ గొంతు కలపను. ఇప్పుడు మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన లేదు. ఎవరి కంచం వాళ్లది.

ఇవాళ ఆదివారం కాబట్టి ఒకసారి. మనసు బాగాలేదు కాబట్టి ఇంకోసారి.

సెప్టెంబరు 12, గురువారం

ఫ్రిజ్‌లో పెట్టాను, పెరుగు గిన్నె వెనకాల. కారడం ఆగింది.

సెప్టెంబరు 15, ఆదివారం

ఫ్రిజ్ పనికిరాదు. రసం చిక్కబడి దూదికి ఎక్కడం లేదు. ఎంత పీల్చినా వాసన రాలేదు. ఆండ్రూ ఎక్కడో గోడ అవతల నిలబడి మాట్లాడుతున్నట్టుంది. చేతుల్లో పెట్టుకుని వెచ్చచేసి మళ్లీ పీలిస్తే వచ్చింది. పుదీనా ముందు వచ్చింది, పుచ్చకాయ ఆలస్యంగా వచ్చింది. చొక్కాలో మొహం పెట్టుకుని కూర్చున్నాను. లేచేసరికి చొక్కా తడిసిపోయింది. ఏడిస్తే వాసన పోతుందని మళ్లీ ఒకసారి.

తిరిగి బీరువాలోనే పెట్టాను.

సెప్టెంబరు 19, గురువారం

ఛార్జింగ్ కూడా నిలబడటం లేదు. పొద్దున నిండుగా ఉన్న బ్యాటరీ నేను కొట్టు నుంచి వచ్చేసరికి ఎర్ర దీపం చూపిస్తోంది. ముట్టుకోకుండానే దిగిపోతోంది. వినోద్ మంచి బ్యాటరీ అన్నాడు. వాడికేం తెలుసు.

అత్తయ్యకి దగ్గు పట్టుకుంది. ఆసుపత్రికి పోదామంటే వద్దంది. దగ్గరికెళ్తే పుదీనా ఘాటు కొట్టింది. తలనొప్పి మందు రాసుకుందేమో.

సెప్టెంబరు 29, ఆదివారం

రుచి మారింది.

రసం రంగు తేనె రంగు దాటి బెల్లం పాకం రంగుకి వచ్చింది. పుచ్చకాయ దాదాపు లేదు. పుదీనా వెనకాల మాడిన చక్కెర తగులుతోంది. ఫ్రెడ్డీకి చెప్తే, "తీపి ఉండే రసం గదా వదినా, లోపల వేడెక్కే తీగ మీద పేరుకుపోతాది. దాని చుట్టూ దూది మాడతా ఉండాది. ఒకసారి పీల్చినాక కొంచెంసేపు ఆగాల. వరస పెట్టి పీలిస్తే దూది తడిసేదానికి టైం ఉండదు" అన్నాడు.

"నేను వరస పెట్టి పీల్చలేదు."

"సరే వదినా."

"సరే అంటే ఏంది?"

వాడు "వదినా, దాంట్లో ఆండ్రూ లేడు" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. నాకు తెలియదా లేడని? పూడ్చిపెట్టేటప్పుడు మట్టి వేసిన దాన్ని నేను. కార్ట్రిడ్జ్ గురించి అడిగితే కార్ట్రిడ్జ్ గురించి చెప్పాలి.

అక్టోబరు 6, ఆదివారం

ఆండ్రూ పనిముట్ల పెట్టెలో పైపులకి చుట్టే తెల్ల టేపు ఉంటే తీసి కార్ట్రిడ్జ్ చుట్టూ చుట్టాను. కారడం తగ్గింది. రసం దిగడం మాత్రం తగ్గలేదు. కారకుండా ఎలా దిగుతుంది? ఆవిరైపోతోందేమో.

మార్కెట్లో పుచ్చకాయ కనిపిస్తే తెచ్చాను. పుదీనా కట్ట కూడా. రెండూ కలిపి మిక్సీలో వేసి, వడగట్టి, చొక్కా కాలరు మీద ఒత్తాను. ఏం వాసన వచ్చింది? పుచ్చకాయ, పుదీనా వాసనే వచ్చింది. అంటే నిజం పుచ్చకాయది, నిజం పుదీనాది. ఆండ్రూది కాదు. సాయంత్రానికి చొక్కాకి చీమలు పట్టాయి. ఒక్కొక్క చీమనీ ఏరుతూ పెద్దగా నవ్వాను. అత్తయ్య తలుపు దగ్గరకొచ్చి చూసి పోయింది. కోడలికి మతి పోయిందనుకుని ఉంటుంది. అనుకోనీ.

అక్టోబరు 16, బుధవారం

వాయుగుండమట. సముద్రం వైపు నుంచి ఒకటే గాలి, వాన. పడవలన్నీ హార్బర్లోకి వచ్చేశాయి. కొట్టు తెరవలేదు.

అత్తయ్య పొద్దుట్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. "కొట్టు తెరవ్వా?" అంది. "ఈ వానలో కూరలెవురు కొంటారు అత్తయ్యా?" అన్నాను. మళ్లీ కాసేపటికి వచ్చి, "రైళ్లు ఆగినాయంట. ప్యాసింజర్లు ఉంటారు గదా స్టేషన్లో. పోయి చూడకూడదా?" అంది. మధ్యాహ్నం కూడా అదే మాట.

నేను ఇంట్లో ఉంటే అంత బరువైపోయానా? ఎటు పొమ్మంటుంది నన్ను? కొడుకు ఉన్నప్పుడు కొడుకుతో పొసగలేదు, ఇప్పుడు నాతో.

తలుపేసుకుని రెండుసార్లు పీల్చాను. కోపానికి.

అక్టోబరు 20, ఆదివారం

కాలింది. పుచ్చకాయ లేదు, పుదీనా లేదు. గుడ్డ కాలిన వాసన.

అక్టోబరు 23, బుధవారం

కిటికీలోంచి చూస్తే అడుగున ఒక నూలుపోగంత రసం ఉంది.

ఫ్రెడ్డీకి మళ్లీ ఫోన్ చేశాను. పోయినసారి నేను ఫోన్ పెట్టేసిన సంగతి వాడు ఎత్తలేదు, మంచివాడు. "ఒక పని చెయ్యి వదినా. కొన్నాళ్లు ముట్టుకోవద్దు. కొంచెం వంచి పెట్టు, ఆ మిగిలిన రసం దూదిలోకి పోయేటట్టు. బాగా నానినాక మెల్లిగా లాగితే ఒకటో రెండో మంచివి వస్తాయి. ఆ తర్వాత ఇంక ఏమీ చెయ్యలేం" అన్నాడు.

నవంబరు రెండున సమాధుల పండుగ. సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్లకి ఇష్టమైనవి అక్కడ పెడతారు. పాస్టరు గారు ఏటా వద్దంటారు. జనం ఏటా పెడతారు. మామయ్య సమాధి మీద మైసూర్‌పాక్ పెట్టేది సాక్షాత్తూ మా అత్తయ్యే.

ఆండ్రూకి ఇది మొదటి పండుగ. అక్కడే చివరిసారి పీల్చి అతని మీద వదులుతాను. జనం చూస్తే చూడనీ. అప్పటిదాకా ముట్టుకోను. ఆదివారమైనా సరే.

అక్టోబరు 27, ఆదివారం

ముట్టుకోలేదు. బీరువా కూడా తీయలేదు. తీస్తే ఆగలేనని.

నవంబరు 1, శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

రేపటి పండుగకని కొట్టు పెందలాడే కట్టేసి వచ్చాను. పెరట్లో ఎండకి చేట ఉంది. చేటలో తెల్ల గుడ్డ పరిచి ఉంది. దాని మీద నా కార్ట్రిడ్జ్. విప్పేసి, ముక్కలు ముక్కలుగా. గొట్టం ఒకవైపు, రబ్బరు ఒకవైపు, సన్నటి తీగ ఒకవైపు. లోపలి దూది బయటికి లాగి, ఉతికి, పిండి, మల్లెమొగ్గలా చేసి ఆరబెట్టి ఉంది. నేను పెట్టుకున్న గీత కూడా లేదు, రుద్దేసినట్టుంది. అంతా తెల్లగా మెరుస్తోంది. వంగి వాసన చూశాను. అంట్లు తోమే సబ్బు. నిమ్మకాయ వాసన.

అత్తయ్య పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని కాకులు రాకుండా కాపలా కాస్తోంది.

నేనేమన్నానో అంతా గుర్తులేదు. "మొదట బట్టలు, ఇప్పుడిది" అన్నాను. "బతికున్నప్పుడు నీకు కంపు కొట్టినాడు, చచ్చినాక గూడా కడిగి పారేసినావా" అన్నాను. ఇంకా చాలా అన్నాను. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. నా నోరు మంచిది కాదు, నాకు తెలుసు. ఇవాళ దాని పని అది చేసింది.

నేను ఆగాక ఆమె అంది. "మాడు వాసన వస్తా ఉంటే కడిగినా. కిరసనాయిలు స్టవ్‌లో వత్తి మాడితే తీసి ఉతికి ఆరబెట్టి మళ్లా ఎక్కిస్తాం గదా. మంట తిన్నగా వస్తాది. ఇదీ అట్నే అనుకున్నా. రేపు పండుగ గదా, వాడి కాడికి బాగుచేసి తీసకపోదామని."

"మాడు వాసన వస్తా ఉండాదని నీకెట్టా తెలుసు?"

ఆమె చేటలోని దూదిని వేలితో ఇటు తిప్పింది. మళ్లీ అటు తిప్పింది.

"నేనే మాడగొట్టినా" అంది.

నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. ఆమే చెప్పుకుంటూ పోయింది, నా మొహం చూడకుండా.

"నువ్వు ఆదివారం తలుపేసుకుని పీలుస్తావు గదా. ఒకరోజు కునుకు పట్టుంటే ఆ వాసన నా గదిలోకి వచ్చింది. వాడొచ్చినాడనుకున్నా. లేచి వాకిట్లోకి గూడా పోయినా. వాడి చెప్పులు లేవు. ఆ తర్వాత నువ్వు కొట్టుకి పోయినాక తాళంచెవి తీసి... రోజూ ఒకసారి అనుకున్నా. ఒక్కసారితో ఆగలా. ఎట్టా లాగాల్నో నాకేం తెలుసు? మా నాయన ఉబ్బసానికి గొట్టంలోంచి మందుపొగ లాగినట్టు గట్టిగా లాగినా. నోట్లోకి చేదు రసం వచ్చేది. ఉమ్మితే పోద్దేమోనని మింగినా."

దగ్గు వచ్చి ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది.

"బట్టలు ఇచ్చేసినా. కంచం కడిగేసినా. వాడి నోరు తగిలింది ఇంట్లో ఇంకేముండాదే? ఆ నోటితో ప్రార్థన చేసిన అన్నం వద్దన్నా గదా. అన్నం గుమ్మం కాడ పెట్టి నిలబడేవాడు, తినేదాకా. తలుపు సందులోంచి కాళ్లు కనపడేవి. ఒక్కరోజన్నా లోపలికి రారా అనలా."

గీత ఎందుకు దిగిందో, రుమాలు ఎందుకు తడిసిందో, బ్యాటరీ ఎందుకు నిలవలేదో, వానరోజు నన్ను కొట్టుకి ఎందుకు తరిమిందో, అన్నీ ఒకదాని వెనకాల ఒకటి తెలిశాయి. ఇన్నాళ్లు ఎండని, రబ్బరుని, వినోద్‌ని తిట్టాను.

ఇంకా తిట్టాలనే ఉంది. కానీ చేట పక్కన కింద కూర్చున్నాను.

"గట్టిగా లాగకూడదు అత్తయ్యా. మెల్లిగా లాగాల" అన్నాను.

"అట్టనా" అంది. "ఎవురూ చెప్పలా నాకు" అంది.

నవంబరు 2, శనివారం

పొద్దున ఇద్దరం కలిసి ఆ ముక్కల్ని ఎలాగో లోపల పెట్టాం. దూది సరిగ్గా కూర్చోలేదు. తీగ వంకర పోయింది. బ్యాటరీకి తగిలిస్తే దీపం కూడా వెలగలేదు. రుమాలు ఉతికాం, దాంట్లోనే చుట్టాం.

స్మశానం నిండా జనం. వాన వెలిసి బురదగా ఉంది. సమాధికి సున్నం నేను వేశాను, అత్తయ్య పూలు పరిచింది. కొవ్వొత్తులు గాలికి నిలవకపోతే చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి పోయారు. పక్క సమాధి దగ్గరవాళ్లు కూడా లేచాక ఆమె కొంగులోంచి రుమాలు తీసింది. అటూ ఇటూ చూసి, విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"ఇంకా వస్తా ఉండాదే" అని నా చేతికిచ్చింది.

నేనూ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిమ్మకాయ సబ్బు. దాని కింద ఏదైనా ఉందేమోనని ఊపిరి ఆపి మళ్లీ చూశాను. సబ్బు.

"అవును అత్తయ్యా, వస్తా ఉండాది" అన్నాను.

"పుచ్చకాయ గదా?"

"పుచ్చకాయ. పుదీనా గూడా."

ఆమె తలూపింది. ఆమెకీ ఏమీ రావడం లేదని నాకు తెలుసు. నాకు రావడం లేదని ఆమెకీ తెలుసు. సమాధి మీద పెడదామా అంటే, వద్దు, వానకి తడుస్తాది అంది. మళ్లీ చుట్టి కొంగులో పెట్టుకుంది.

ఇంటికొచ్చాక నేను అన్నం పెట్టుకుంటుంటే తన కంచం గదిలోంచి తెచ్చి బల్ల మీద, నా పక్కన పెట్టింది. కూర్చుని కళ్లు మూసుకుంది. నేను చూస్తూ ఉన్నాను.

"ప్రార్థన చెయ్యి మే, ఆకలేస్తా ఉండాది" అంది.

నేను ఎప్పుడూ చెయ్యలేదు, ఆండ్రూ చేసేవాడు. అతను చేసే ప్రార్థన మూడు ముక్కలు. అన్నం పెట్టినందుకు వందనాలు, వండిన చేతులకి బలం ఇవ్వు, అమ్మకి ఆరోగ్యం ఇవ్వు. ఆమె లోపల మంచం మీద తింటున్నప్పుడు కూడా ఆ మూడోది మానలేదు. నేను మూడోది మొదలుపెట్టి అమ్మకి అనేదాకా వచ్చి ఆగాను. ఆమే ఆమెన్ అంది. పులుసు కలుపుకుని ఒక ముద్ద తిని, "ఉప్పు లేదు" అంది. లేచి వెళ్లి తెచ్చాను.

నవంబరు 3, ఆదివారం

చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే అత్తయ్య వచ్చి క్యాలెండర్ వెనక నుంచి తాళంచెవి తీసి, కొంగులోని రుమాలుతో సహా నా చేతిలో పెట్టింది.

"ఆదివారం గదా" అంది.

తలుపేసుకుని బీరువా తీశాను. ఆమె ఈసారి తలుపు అవతల లేదు, నా పక్కనే ఉంది.